మన పెద్దల మొహాలు సాగదీసే హక్కు ఎవరికీ లేదు

పోస్టు పొడుగ్గానే ఉంటుంది, కాస్త ఓపిక చేసుకోండి. సర్వసభ్య సమావేశంలో మైకు చేతికొచ్చేసరికి "రెండు నిమిషాల్లో ముగించండి" అంటారు గనక ఇక్కడే వివరంగా రాస్తున్నాను.

సంగతి మీకు తెలిసిందే. మన సంఘం ఆఫీసులో ఇనప బీరువా అడుగు అరలో నలభై పైచిలుకు వీడియో క్యాసెట్లున్నాయి. 1980ల చివరి నించి 2000ల మొదటి దాకా మన ఉగాది సభలు, నాటకాలు, హరికథలు, పిల్లల డాన్సులు అన్నీ అందులోనే ఉన్నాయి. వాటిని ఒక షాపుకి ఇచ్చి "ఫుల్ స్క్రీన్ హెచ్.డి." చేయించి, పెన్ డ్రైవులో పెట్టుకుని, క్యాసెట్లు పాత సామాన్ల వాడికి ఇచ్చేద్దామని కార్యవర్గం అనుకుంటోంది. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవానికి ఆ హెచ్.డి. బొమ్మలే హాల్లో వేస్తారట.

క్యాసెట్లు డిజిటల్ చెయ్యాలన్నది మంచి ఆలోచన. పదేళ్ల కిందటే చెయ్యాల్సింది. నా అభ్యంతరం మిగతా మూడింటి మీద. "ఫుల్ స్క్రీన్" అన్న మాట మీద, "హెచ్.డి." అన్న మాట మీద, క్యాసెట్లు పారెయ్యడం మీద. మూడూ తప్పే. ఎందుకు తప్పో ఒక్కొక్కటిగా చెబుతాను.

మొన్న ఉగాదికి ట్రయల్ అని ఒక క్యాసెట్ వేశారు. వీసీఆర్ నించి పసుపు వైరు ఒక చిన్న డబ్బాలోకి, అక్కడ్నించి హెచ్.డి.ఎమ్.ఐ. వైరు ప్రొజెక్టర్‌కి. బొమ్మ వచ్చింది, అందరూ చప్పట్లు కొట్టారు. తర్వాత ఏమైందో వెనక వరసల్లో కూర్చున్నవాళ్లకి గుర్తుంటుంది. కన్యాశుల్కంలో గిరీశం వేసిన ఆయన సన్నగా, పొడుగ్గా, బెత్తంలా ఉండేవారు. తెర మీద ఆయన గుమ్మడికాయలా కనపడ్డారు. "అప్పట్లో అందరూ ఇంత లావుగా ఉండేవాళ్లా?" అని ఒక పిల్లాడు అడిగితే హాలంతా నవ్వింది. ఆయన ఇంటివాళ్లు ముందు వరసలో కూర్చుని ఉన్నారు. ఆయన పోయాక ఆయన మాట, నడక వాళ్లు చూడటం అదే మొదటిసారి. ఆ బొమ్మ చూసి వాళ్లు "ఈయన మా నాన్నగారేనా" అనుకుంటే ఆ తప్పు ఎవరిది? క్యాసెట్‌ది కాదు, వీసీఆర్‌దీ కాదు. మధ్యలో పెట్టిన డబ్బాని ఎవరూ పట్టించుకోకపోవడం వల్ల వచ్చింది.

అసలు జరిగిందేమిటో లెక్కతో చెబుతాను. పాత టీవీ బొమ్మ వెడల్పు 4 పాళ్లు, ఎత్తు 3 పాళ్లు. ఇప్పటి తెరలు వెడల్పు 16, ఎత్తు 9. పాత బొమ్మని కొత్త తెర నిండా లాగితే ఎత్తు అలాగే ఉండి వెడల్పు మాత్రం సరిగ్గా మూడో వంతు పెరుగుతుంది. గుండ్రంగా ఉండాల్సిన పళ్లెం కోడిగుడ్డు అవుతుంది. మనిషి మొహం ఎలా అవుతుందో ఉగాది నాడు చూశారు. కొన్ని వందల రూపాయలకి దొరికే కన్వర్టర్ డబ్బాల్లో చాలావాటికి ఈ లాగడం తప్ప వేరే పని రాదు. వాటి మీద ఉండే ఒకే ఒక్క మీట 720 కావాలా, 1080 కావాలా అని మాత్రమే అడుగుతుంది. 4:3 ఉంచాలా అని అడగదు.

దీనికి షాపువాళ్లు చెప్పే రెండో ఉపాయం "జూమ్". బొమ్మ సాగదు, నిజమే. కానీ తెర వెడల్పు నిండేదాకా పెద్దది చేస్తే ఎత్తులో నాలుగో వంతు తెర బయటికి పోతుంది. పైన ఎనిమిదో వంతు, కింద ఎనిమిదో వంతు. మన పిల్లలు కూచిపూడి తరంగం చేసిన క్యాసెట్ ఒకటుంది. తరంగం అంటే ఏమిటో మీకు చెప్పక్కర్లేదు. ఇత్తడి పళ్లెం అంచు మీద నిలబడి, నెత్తిన నీళ్ల చెంబు పెట్టుకుని చేస్తారు. జూమ్ చేస్తే పైన చెంబు పోతుంది, కింద పళ్లెం పోతుంది. ఇక మిగిలేది ఏం తరంగం? నాటకాల క్యాసెట్లలో అయితే పాత్రధారుల పేర్లు తెర అడుగునే వేశారు. మేకప్ వేసినవాళ్ల పేర్లు, హార్మోనియం వాయించినవాళ్ల పేర్లు, తెర లాగిన కుర్రాడి పేరు కూడా అక్కడే ఉన్నాయి. మన సంఘానికి ఆ పేర్లు ఇంకెక్కడా రాసిపెట్టి లేవు. జూమ్‌తో అవే ముందు పోతాయి.

"అటూ ఇటూ నల్ల పట్టీలు వస్తే బాగోదు, జనం ఒప్పుకోరు" అని వాట్సాప్ గ్రూపులో ఇద్దరు పెద్దలు రాశారు. వాళ్ల మీద గౌరవంతోనే అడుగుతున్నాను. ఇంట్లో తాతగారి పాత ఫొటో గోడ మీద పెద్ద ఫ్రేములో పెట్టాలంటే ఏం చేస్తాం? చుట్టూ ఖాళీ వదిలి మధ్యలో ఫొటో పెడతాం. ఫ్రేము పెద్దదని తాతగారిని లాగం, ఫ్రేముకి పట్టలేదని ఆయన కాళ్లు కత్తిరించం. 1920 వెడల్పు, 1080 ఎత్తు ఉన్న తెర మీద 4:3 బొమ్మ 1440 వెడల్పు తీసుకుంటుంది. అటు 240, ఇటు 240 చుక్కలు నల్లగా ఉంటాయి. అంతకుమించి పోయేదేం లేదు. ఆ నలుపు మధ్యలో మనిషి మనిషిలా కనపడతాడు. సభ చీకటి హాల్లో జరుగుతుంది. బొమ్మ మొదలైన రెండు నిమిషాలకి ఆ పట్టీల సంగతి ఎవరికీ గుర్తుండదు.

ఇక "హెచ్.డి." అన్న మాట. ఇది వినగానే అందరం మెత్తబడిపోతున్నాం. మన దేశపు టీవీ పద్ధతి పాల్. అందులో మొత్తం 625 గీతలు, కంటికి కనపడే బొమ్మ 576 గీతలు. వీహెచ్ఎస్ క్యాసెట్ అడ్డంగా పట్టుకోగలిగే వివరం ఇంకా తక్కువ, సుమారు 240 గీతల పాటి. క్యాసెట్‌లో ఉన్నదింతే. కన్వర్టర్‌లో ఉండే స్కేలర్ ఆ 576 గీతలని 1080 గీతల్లో పరుస్తుంది, అంటే ఉన్న గీతల మధ్య పక్క గీతలని చూసి కొత్త గీతలు నింపుతుంది. మంచి స్కేలర్ నున్నగా నింపుతుంది, చవకది మెట్లు మెట్లుగా నింపుతుంది. ఏదైనా సరే, క్యాసెట్‌లో లేని కనుబొమ్మ వెంట్రుకని అది తెచ్చిపెట్టలేదు. సేరు పాలలో సేరు నీళ్లు కలిపి రెండు సేర్ల పాలు అని అమ్మినట్టే ఈ "హెచ్.డి. చేస్తాం" అన్న మాట. తెర పెద్దది గనక స్కేలింగ్ అవసరమే, కాదనను. దాన్ని నాణ్యత పెంచడం అని చెప్పి డబ్బు తీసుకోవడం మాత్రం మోసం.

ఇంకొందరు కుర్రాళ్లు "ఏఐతో 4కె చేసేద్దాం అంకుల్" అంటున్నారు. బాబూ, అది ఇంకా ప్రమాదం. మసగ్గా ఉన్న మొహం దగ్గర ఆ సాఫ్ట్‌వేర్ తాను నేర్చుకున్న వేరే మొహాల్ని బట్టి కళ్లూ పళ్లూ ఊహించి గీస్తుంది. చూడ్డానికి శుభ్రంగా ఉంటుంది గానీ అది మీ నాయనమ్మ మొహం కాదు. సరదాకి ఒక కాపీ మీద ఎన్ని ప్రయోగాలైనా చేసుకోండి. సంఘం దాచే కాపీ మీద వద్దు.

ఇంత పట్టుబట్టడం దేనికి, పాత నాటకాలే కదా అనేవాళ్లకి ఒక మాట చెప్పాలి. హైదరాబాదులోనో విజయవాడలోనో జరిగిన సభని ఆకాశవాణి రికార్డు చేసింది, దూరదర్శన్ తీసింది, పత్రికలు రాశాయి. మన బరంపురం తెలుగువాళ్ల నాటకాన్ని ఎవరు తీశారు? మనమే తీసుకున్నాం. చందాలు వేసుకుని, పెళ్లిళ్లకి వీడియో తీసే కుర్రాణ్ణి బతిమాలి తీయించుకున్నాం. 1936లో ఒరిస్సా రాష్ట్రం ఏర్పడ్డప్పుడు గంజాం జిల్లాతో పాటు ఇటు వచ్చేసినవాళ్లం. ఆ తర్వాత మన తెలుగు ఎలా నడిచింది, ఒడియా మాటలు దాంట్లో ఎలా కలిశాయి, మన అమ్మమ్మలు శ్రీకాకుళం యాసని ఇక్కడ ఎలా తిప్పుకున్నారు, ఇవి ఏ పుస్తకంలోనూ లేవు. ఈ క్యాసెట్లలో ఉన్నాయి. నాటకం మధ్య విరామంలో కెమెరా ఆపడం మరిచిపోతే వచ్చిన ముచ్చట్లలో ఉన్నాయి. మన పిల్లలు ఒడియా, ఇంగ్లీషు మీడియంలో చదువుతున్నారు. చాలామందికి తెలుగు చదవడం రాదు, వింటే మాత్రం అర్థమవుతుంది. వాళ్లకి మన తెలుగు పుస్తకంగా అందదు, వినికిడిగానే అందాలి.

ఆగస్టు 29 ఎవరి పుట్టినరోజు? గిడుగు రామమూర్తి గారిది. పర్లాకిమిడిలో పంతులుగా పనిచేసి, సవర భాష నేర్చుకుని దానికి వ్యాకరణం, నిఘంటువు తయారుచేసి, జనం మాట్లాడే తెలుగే రాతలో ఉండాలని జీవితమంతా పోట్లాడిన మనిషి. మన పక్క ఊరాయన. మాట్లాడే మాటకి విలువ ఉందని చెప్పినాయన పుట్టినరోజున, మనవాళ్లు మాట్లాడిన మాటలున్న క్యాసెట్లని పాత సామాన్ల వాడికి ఇచ్చి సభ చేసుకుంటామా?

విమర్శిస్తే సరిపోదు, ఎలా చెయ్యాలో కూడా చెప్పాలి. బెంగుళూరు, చెన్నై, షోలాపూర్, యానాం సంఘాల మిత్రులు కూడా ఈ పేజీ చదువుతుంటారు, వాళ్ల బీరువాల్లోనూ ఇవే క్యాసెట్లుంటాయి. అందుకని కొంచెం విపులంగా రాస్తాను. అన్నిటికన్నా ముందు గుర్తుంచుకోవాల్సింది ఒకటి. హాల్లో చూపించడం ఒక పని, దాచిపెట్టడం ఇంకో పని. రెండిటికీ ఒకే పద్ధతి పనికిరాదు.

ముందు హాల్లో చూపించడం.

కన్వర్టర్ కొనేటప్పుడు దిక్కు చూసుకోండి. ఏవీ నించి హెచ్.డి.ఎమ్.ఐ.కి వెళ్లేది వేరు, హెచ్.డి.ఎమ్.ఐ. నించి ఏవీకి వచ్చేది వేరు. చూడ్డానికి రెండు డబ్బాలూ కవల పిల్లల్లా ఉంటాయి. ఒకదాని పని రెండోది చెయ్యదు. పాల్, ఎన్.టి.ఎస్.సి. అని మార్చే మీట ఉన్న చిన్న డబ్బా సాధారణంగా తిరగబడ్డ రకం. మనకి కావలసింది పసుపు జాక్ దగ్గర "ఇన్" అని, హెచ్.డి.ఎమ్.ఐ. దగ్గర "అవుట్" అని రాసి ఉన్నది. దాంట్లో రెండు సదుపాయాలు ఉండాలి. ఒకటి 4:3 నిలబెట్టే సెట్టింగు, రెండోది అవుట్‌పుట్‌ని 50 హెర్ట్జ్‌లో ఇవ్వగలగడం. మెనూ తెర మీద కనపడే రకం స్కేలర్ అయితే ఈ రెండూ ఉంటాయి. ధర కొన్ని వేలు అవుతుంది. ఉగాది పూలదండల ఖర్చు పక్కన పెట్టి చూడండి, అది పెద్ద మొత్తమేమీ కాదు.

డబ్బాలో 4:3 సెట్టింగు లేకపోతే వెంటనే నిరాశపడొద్దు. ప్రొజెక్టర్ రిమోట్‌లో యాస్పెక్ట్ అనే మీట ఉంటుంది. హెచ్.డి.ఎమ్.ఐ. బొమ్మకి కూడా దాన్ని 4:3కి మార్చనిచ్చే ప్రొజెక్టర్లు చాలా ఉన్నాయి. డబ్బా సాగదీసిన బొమ్మని ప్రొజెక్టర్ మళ్లీ నొక్కి సరిచేస్తుంది. ఉగాది నాడు ఆ ఒక్క మీట నొక్కి ఉంటే ఈ పోస్టు సగం తగ్గేది.

50 హెర్ట్జ్ ఎందుకంటే, మన పాల్ బొమ్మ సెకనుకి 25 ఫ్రేములు, ఒక్కో ఫ్రేములో రెండు సగాలు, మొత్తం 50 సగాలు. కన్వర్టర్ 60లో పంపితే ప్రతి ఐదింటికీ ఒకటి రెండుసార్లు చూపించాల్సి వస్తుంది. మాట్లాడే సీనులో తెలియదు గానీ, తెర అడ్డంగా కదిలినా, పిల్ల గిర్రున తిరిగినా బొమ్మ తడబడుతుంది. ప్రొజెక్టర్లు, టీవీలు 50 తీసుకుంటాయి. కొన్ని కంప్యూటర్ మానిటర్లు తీసుకోవు, ముందే చూసుకోండి.

ఆ రెండు సగాల సంగతి కూడా తెలియాలి. పాత టీవీ ముందు బేసి గీతలు, తర్వాత సరి గీతలు గీసేది. ఆ రెండు సగాల మధ్య సెకనులో యాభయ్యో వంతు తేడా ఉంటుంది. ఇప్పటి తెర అన్ని గీతలూ ఒకేసారి చూపిస్తుంది. రెండు సగాలని అలాగే కలిపేస్తే కదిలే చేతికి దువ్వెన పళ్లలాంటి అంచులు వస్తాయి. ఒక సగాన్ని పారేసి రెండో దాంతోనే సరిపెడితే వివరం సగం పోతుంది, కదలికా మొద్దుబారుతుంది. మంచి కన్వర్టర్ ప్రతి సగం నించీ ఒక పూర్తి బొమ్మ తయారుచేసి సెకనుకి 50 చూపిస్తుంది. కొనే ముందు మన డాన్స్ క్యాసెట్ ఒకటి పట్టుకెళ్లి షాపులోనే వేసి చేతివేళ్లు చూడండి. నాటకంలో నిలబడి పద్యం పాడే సీను చూసి కొనకండి.

పద్యం అంటే గుర్తొచ్చింది. ఉగాది నాడు హరిశ్చంద్ర కాటి సీనులో పెదవి ఒకచోట, మాట ఒకచోట అయింది కదా. దానికీ కారణముంది. బొమ్మ కన్వర్టర్‌లోకి, అక్కడ్నించి ప్రొజెక్టర్‌లోకి వెళ్లి రెండు చోట్లా కాసేపు ఆగుతుంది. ఒక్కో ఫ్రేము ఆగితే 40 మిల్లీసెకన్లు. రెండు మూడు ఫ్రేములు ఆగితే కంటికి దొరికిపోతుంది. తెలుపు, ఎరుపు వైర్లు మాత్రం వీసీఆర్ నించి నేరుగా మిక్సర్‌కి వెళ్లాయి గనక మాట ముందే వచ్చేసింది. పరిష్కారం రెండు రకాలు. ఆడియో కూడా కన్వర్టర్‌లోంచి పంపి, ప్రొజెక్టర్ ఆడియో అవుట్ నించి మిక్సర్‌కి తీసుకోవాలి. లేదా మిక్సర్‌లో డిలే ఉంటే పెదవులు చూసుకుంటూ పెట్టుకోవాలి. పాత వీసీఆర్‌లు చాలావాటికి ఆడియో ఒక్కటే జాక్. దాన్ని తెలుపులో మాత్రమే పెడితే హాల్లో ఒక పక్క బాక్సులే మోగుతాయి. రెండిటికీ చీల్చే వైరు పెట్టండి.

కరెంటు సంగతి. కన్వర్టర్‌కి 5 వోల్టులు చాలు. అయినా ప్రొజెక్టర్ యూఎస్‌బీ నించి లాగకుండా విడిగా మంచి అడాప్టర్ పెట్టండి. కరెంటు చాలకపోతే బొమ్మ వచ్చి వచ్చి పోతుంది, అందరూ క్యాసెట్‌ని తిడతారు. వీసీఆర్ మెనూలో బ్లూ స్క్రీన్ అనేది ఉంటే ఆపెయ్యండి. లేకపోతే క్యాసెట్‌లో కాస్త గీతలున్న చోటల్లా పూర్తి నీలం తెర వచ్చి ఉన్న బొమ్మ కూడా పోతుంది. తెర అడుగున రెండు మూడు గీతలు వంకరగా వణుకుతుంటే కంగారు పడొద్దు. అది వీసీఆర్‌లో ఒక హెడ్ నించి ఇంకో హెడ్‌కి మారే చోటు. పాత టీవీల్లో ఫ్రేము వెనక దాగి ఉండేది, ఇప్పుడు కనపడుతోంది, అంతే.

ఇక రెండో పని, దాచిపెట్టడం. నా గొడవంతా అసలు ఇక్కడే ఉంది.

దాచే కాపీలో స్కేలింగ్ ఉండకూడదు. 576 గీతలు 576 గీతలుగానే, రెండు సగాలు రెండు సగాలుగానే, 4:3 గుర్తుతో ఉండాలి. ఎందుకంటే ఈ రోజు డబ్బా చేసిన స్కేలింగ్‌ని రేపు వెనక్కి తియ్యలేం. రేపు ఇంతకంటే మంచి స్కేలర్ వస్తుంది, తప్పకుండా వస్తుంది. అప్పుడు దానికి అసలు బొమ్మ ఇవ్వాలి గానీ ఇవాళ్టి చవక డబ్బా నమిలి ఉమ్మింది కాదు. కార్యవర్గం చేయిస్తానంటున్న పద్ధతిలో హెచ్.డి.ఎమ్.ఐ. వైపు నించి రికార్డు చేస్తారు. అంటే సాగదీసిన బొమ్మే, 60 హెర్ట్జ్ తడబాటుతో సహా, శాశ్వతంగా ఉండిపోతుంది. దాని వెనకే అసలు క్యాసెట్ చెత్తలోకి వెళ్తుంది. దీన్ని భద్రపరచడం అంటారా?

కాబట్టి వీసీఆర్ ఏవీ అవుట్ నించి నేరుగా కంప్యూటర్‌కి వెళ్లే క్యాప్చర్ పరికరం వాడాలి, అది 720 వెడల్పు, 576 ఎత్తు తీసుకునేది కావాలి. ఎస్-వీడియో జాక్ ఉన్న మిషను దొరికితే అదే వాడండి, వెలుగు వేరుగా, రంగు వేరుగా వస్తాయి. క్యాసెట్ సాగి పైన బొమ్మ వంగుతుంటే మధ్యలో టైమ్ బేస్ కరెక్టర్ ఉండాలి. అది లేకపోతే పాత డీవీడీ రికార్డర్లు కొన్ని మధ్యలో పెట్టినప్పుడు బొమ్మని నిలబెడతాయి. డీవీ పద్ధతిలో దాస్తే గంటకి సుమారు 13 జీబీ అవుతుంది. మూడు గంటల క్యాసెట్ 40 జీబీ లోపు. మన నలభై క్యాసెట్లూ నిండా ఉన్నాయనుకున్నా 2 టీబీ డిస్కులో పడతాయి. అలాంటి డిస్కులు రెండు కొని, ఒకటి సంఘంలో, ఒకటి వేరే ఊళ్లో ఉన్న సభ్యుడి ఇంట్లో ఉంచాలి. పెన్ డ్రైవు ఒక్కటే పెట్టుకుంటామంటే నవ్వాలో ఏడవాలో తెలియడం లేదు. మన ఊరికి ఒకే ఇల్లు, ఒకే బీరువా అంటే ఏమవుతుందో 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుఫాను గోపాలపురం దగ్గర తీరం దాటిన రాత్రి చూశాం కదా.

2000 తర్వాతి చిన్న మినీ డీవీ క్యాసెట్లకి అసలు ఈ కన్వర్టర్ వద్దు. వాటిలో బొమ్మ అప్పటికే డిజిటల్. ఆ కెమెరా నించి ఫైర్‌వైర్ వైరుతో కంప్యూటర్‌లోకి ఉన్నది ఉన్నట్టు దించుకోవచ్చు. షాపువాళ్లు వాటిని కూడా పసుపు వైరులో పెట్టి తీస్తే ఉన్న నాణ్యత చేజేతులా పోగొట్టుకున్నట్టే. అమెరికాలో ఉన్న మనవాళ్లు పంపిన క్యాసెట్లు ఎన్.టి.ఎస్.సి. పద్ధతివి అయ్యుంటాయి, 480 గీతలు. మన వీసీఆర్‌లో నలుపు తెలుపులో వచ్చినా, బొమ్మ పైకి పాకుతున్నా చెడిపోయిందని పారెయ్యకండి. రెండు పద్ధతులూ చదివే వీసీఆర్ కావాలి.

ఇక క్యాసెట్ల సంగతి. మనది సముద్రపు గాలి. రీలు అంచున తెల్లగా బూజు కనపడితే ఆ క్యాసెట్‌ని వీసీఆర్‌లో పెట్టొద్దు. బూజు హెడ్‌కి అంటుకుని తర్వాతి క్యాసెట్‌కి పాకుతుంది. దాన్ని విడిగా పెట్టి, శుభ్రం చెయ్యడం తెలిసినవాళ్లకి చూపించాలి. బాగున్నవాటిని ఒకసారి చివరిదాకా తిప్పి, వెనక్కి తిప్పి, అప్పుడు వెయ్యండి. అన్నిటికన్నా ముందు క్యాసెట్ వెనక అంచున ఉండే చిన్న ప్లాస్టిక్ పెచ్చు విరగ్గొట్టండి. అది లేకపోతే రికార్డు బటన్ నొక్కినా పడదు. ఎవరో తెలియక నొక్కి 1991 ఉగాది మీద ఇవాళ్టి గదిలో గోల రికార్డు చేస్తే మళ్లీ తెచ్చుకోలేం.

డిజిటల్ చేశాక కూడా క్యాసెట్లు ఉంచాలి. అసలు పత్రం జిరాక్స్ తీశాక చించేస్తామా? పోనీ క్యాసెట్లు ఎల్లకాలం ఉంటాయా అంటే ఉండవు. వీసీఆర్‌లు తయారుచేస్తూ చివరిదాకా మిగిలిన జపాన్ కంపెనీ ఫునాయ్ కూడా 2016లో ఆపేసింది. ఇప్పుడు తిరుగుతున్న మిషన్లు ఎన్నాళ్లుంటే అన్నాళ్లే మన గడువు. అందుకే తొందరపడమంటున్నాను. తప్పుగా చెయ్యడానికి మాత్రం తొందరపడొద్దంటున్నాను.

"ఇంత చాకిరీ ఎవరు చేస్తారు? షాపుకి ఇస్తే వారంలో అయిపోతుంది" అని కోశాధికారి గారు అన్నారు. న్యాయమైన ప్రశ్నే. క్యాసెట్ ఎంతసేపుంటే అంతసేపూ కూర్చోవాలి, మూడు గంటల క్యాసెట్‌కి మూడు గంటలు. ఆదివారానికి రెండు చొప్పున వేసుకుంటే ఐదు నెలల పని. ఇద్దరు కుర్రాళ్లు, ఒక పెద్దాయన చాలు. పెద్దాయన ఎందుకంటే బొమ్మ నడుస్తుండగా "ఇదిగో వీడు ఫలానా వాళ్ల అబ్బాయి, ఇది ఫలానా నాటకం" అని చెబితే కుర్రాళ్లు రాసుకుంటారు. ఆ పేర్లు చెప్పగలవాళ్లు మన సంఘంలో ఇంకా పది మంది దాకా ఉన్నారు. అందరూ డెబ్భై దాటినవాళ్లే. షాపులో ఈ పని జరగదు. అక్కడ మిషను దానంతట అది తిరుగుతుంటుంది, ఎవరూ చూడరు. ఎవరి పేరూ లేని నలభై ఫైళ్లు మన చేతికిస్తారు.

కాదు, షాపుకే ఇస్తామంటే అదీ సరే. కానీ రాతపూర్వకంగా షరతులు పెట్టండి. 4:3 మార్చకూడదు, 576 గీతలు మార్చకూడదు, జూమ్ చెయ్యకూడదు, క్యాసెట్లు తిరిగి ఇవ్వాలి. ముందు ఒక్క క్యాసెట్ ఇచ్చి, వచ్చిన ఫైలులో తంబురా బుర్రో, ఇత్తడి పళ్లెమో గుండ్రంగా ఉందో లేదో చూసి, అప్పుడు మిగతావి ఇవ్వండి. ఈ షరతులకి ఒప్పుకోని షాపుకి మన క్యాసెట్లు ఇవ్వనక్కర్లేదు.

సర్వసభ్య సమావేశంలో నేను పెట్టబోయే తీర్మానం ఇది. ఒకటి, ఒక్క క్యాసెట్ కూడా పారెయ్యకూడదు. రెండు, దాచే కాపీ స్కేలింగ్ లేకుండా, డిస్కులు రెండు, రెండు ఊళ్లలో. మూడు, హాలుకి 4:3, 50 హెర్ట్జ్ ఉన్న మంచి కన్వర్టర్ ఒకటి సంఘం తరఫున కొనాలి, దాన్ని పెట్టడం ఇద్దరు సభ్యులకి నేర్పాలి. నాలుగు, ఆగస్టు 29న ఒక్క నాటకమే వేద్దాం, కానీ మనుషులు మనుషుల్లా కనపడేలా వేద్దాం. దీన్ని బలపరిచేవాళ్లు కావాలి. వ్యతిరేకించేవాళ్లూ కింద రాయండి, జవాబు చెబుతాను.

ఇంకో విన్నపం. ఎవరింట్లోనైనా అటక మీద పనిచేసే వీసీఆర్ ఉంటే, ముఖ్యంగా ఎన్.టి.ఎస్.సి. కూడా చదివేది ఉంటే, ఇనప సామాన్లకి వేసెయ్యకుండా ఒక్క ఫోను చెయ్యండి. నేనే వచ్చి తీసుకెళ్తాను, పనయ్యాక తిరిగి ఇచ్చేస్తాను. మీ ఇళ్లలో సంఘం నాటకాల క్యాసెట్లు ఉన్నా చెప్పండి. సంఘం బీరువాలో 1990ల మధ్యలో రెండేళ్లు ఖాళీ ఉంది. ఆ రెండేళ్లూ నాటకాలు వేశాం, ఎవరో ఒకరి దగ్గర ఉండే ఉంటాయి.